గురువులను తయారుచేసే గురువులకు ఒక స్కూబా ఇన్‌స్ట్రక్టర్ బహిరంగ లేఖ

స్కూబా కోర్స్ డైరెక్టర్లకు, ఇన్‌స్ట్రక్టర్ ట్రైనర్లకు, ఇన్‌స్ట్రక్టర్ కోర్సులు నడిపే డైవ్ సెంటర్ల యజమానులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీలో కొందరి దగ్గర పాఠం నేర్చుకున్నాను, కొందరి బోట్ల మీద సిలిండర్లు మోశాను. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే, నాకు ఇస్తామన్న శిక్షణ నిజంగా ఇవ్వమని ఏడాదిన్నర పాటు బయటపడకుండా, అడగాల్సిన చోటే అడిగాను. నేను స్టాఫ్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ తీసుకున్న సెంటర్‌కి రెండు మెయిళ్లు, ఒక రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. మొదటి మెయిలుకు 'నోట్ చేసుకున్నాం' అని జవాబొచ్చింది. మిగతా రెంటికి అదీ లేదు. ఆ సెంటర్ పేరు ఇక్కడ రాయను. రాస్తే అందరూ ఆ ఒక్కరి వైపు వేలు చూపించి తప్పుకుంటారు.

నాది భీమిలి అవతల మత్స్యకారుల ఊరు. నాన్న తెప్ప మీద వేటకెళ్లేవాడు. పందొమ్మిదో ఏట మేనమామ వెంట అండమాన్ వెళ్లాను. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో దిగితే సగం ఊరు మన తెలుగే మాట్లాడుతున్నట్టుంటుంది, పరాయి చోటికి వచ్చామనిపించదు. (2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. మా మామ నోటికి ఇంకా అలవాటు కాలేదు.) అక్కణ్ణుంచి హేవ్‌లాక్ దీవిలో ఒక డైవ్ బోటు మీద హెల్పర్‌గా చేరాను. గాలి నింపిన సిలిండర్ ఒక్కోటి సుమారు 17 కిలోలు, రోజుకు ముప్పై నలభై ఎక్కించి దించాలి. అలా మొదలై, డైవర్లను వెంటబెట్టుకుని తిప్పే డైవ్‌మాస్టర్‌నయ్యాను, ఇన్‌స్ట్రక్టర్‌నయ్యాను. ఇప్పుడు రుషికొండలోనూ అండమాన్‌లోనూ సీజన్‌ను బట్టి పని చేస్తున్నాను.

డైవింగ్ తెలియనివాళ్లు కూడా ఇది చదువుతారు కనుక మా మెట్ల లెక్క క్లుప్తంగా చెప్తాను. 1966లో అమెరికాలో పుట్టిన పాడీ అనే శిక్షణ సంస్థ పద్ధతి ఇక్కడ ఎక్కువ మందికి తెలిసింది. (పాడీ అంటే మా అమ్మ ఇప్పటికీ గేదెల వ్యాపారమనే అనుకుంటుంది.) 18 మీటర్ల లోతుకు ఓపెన్ వాటర్, 30 మీటర్లకు అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత రెస్క్యూ, డైవ్‌మాస్టర్. మొదటి కార్డు (కోర్సు పాసైనట్టు ఇచ్చే సర్టిఫికెట్) వచ్చి ఆర్నెల్లు నిండి, లాగ్‌బుక్‌లో 100 డైవ్‌లుంటే ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష రాయొచ్చు. దానికి ముందు చేసే కోర్సు ఐడీసీ, దాన్ని నడిపేది కోర్స్ డైరెక్టర్. రెండు రోజుల పరీక్ష పెట్టేది మాత్రం సంస్థ పంపే ఎగ్జామినర్. పాసై, ఐదు స్పెషాలిటీలు (ప్రత్యేక రకాల డైవింగ్ నేర్పే అర్హతలు) తీసుకుని, విద్యార్థులకు 25 కార్డులు ఇస్తే ఇంకో మెట్టు. ఆపైన, ఐడీసీలో కోర్స్ డైరెక్టర్‌కు సాయపడే స్టాఫ్ ఇన్‌స్ట్రక్టర్. రెండేళ్ల పని, 150 కార్డులు అయితే మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్. అక్కణ్ణుంచి కోర్స్ డైరెక్టర్ శిక్షణకు దరఖాస్తు. ఎస్‌ఎస్‌ఐ అనే ఇంకో సంస్థలో ఆ హోదాను ఇన్‌స్ట్రక్టర్ ట్రైనర్ అంటారు. 1959లో మొదలైన సీమాస్ అనే సమాఖ్యలో నక్షత్రాల లెక్క, అక్కడ మూడు నక్షత్రాల ఇన్‌స్ట్రక్టర్ మిగతా ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేస్తాడు.

ఎందుకు అందరూ ఆ చివరి మెట్టు వైపే చూస్తారో మీకు తెలియంది కాదు. ఇన్‌స్ట్రక్టర్‌కు తలకింత అని డబ్బు. సముద్రం బాగోకపోతే తలలూ లేవు, డబ్బూ లేదు. నలభై దగ్గర పడేసరికి నడుము, చెవులు మొరాయిస్తాయి. రోజుకు నాలుగుసార్లు దిగకుండా ఈ వృత్తిలోనే ఉండాలంటే కనబడే దారి ఒకటే, ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణనివ్వడం. నేనూ ఆ దారిలోనే ఉన్నాను, కాబట్టి ఆశపడేవాళ్లను తప్పు పట్టే అర్హత నాకు లేదు. నా బాధల్లా ఆ మెట్టు ఎక్కేది పాఠం చెప్పగలిగినవాడా, కార్డులు లెక్కపెట్టుకున్నవాడా అని ఎవరూ చూడకపోవడం మీద. దాని ఫలితం మీ బ్యాచ్‌లో తెలియదు. మా ఒడ్డున తెలుస్తుంది. ఎలాగో చెప్తాను.

1. నలుగురు అంటే హక్కు అనుకుంటున్నారు.

డీఎస్‌డీ, అంటే ఈతా కార్డూ ఏమీ లేని పర్యాటకుణ్ని ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని దించే డైవ్. సముద్రంలో దానికి పాడీ నియమం ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు నలుగురు, లోతు 12 మీటర్లు. రెండూ గరిష్ఠాలు. మీ ఐడీసీలో ఇది ఒక ప్రశ్నకు జవాబుగా నేర్పుతారు: ఎంతమంది? నలుగురు. టిక్కు పెట్టేసి ముందుకెళ్తారు.

ఇప్పుడు రుషికొండకు రండి. డిసెంబరు చివరి వారం, ఆదివారం. ఖమ్మం నుంచి ఒక కుటుంబం వచ్చింది. భర్త, భార్య, ఇద్దరు పెద్దపిల్లలు, సరిగ్గా నలుగురు. నలుగురిలో ఎవరికీ ఈత రాదు, ఇద్దరు సముద్రం చూడడమే మొదటిసారి. ముందురోజు గాలికి నీరు కలకబారి ఉంది, చాచిన చేతి వేళ్లు మసకగా కనబడుతున్నాయి. ఆయనకు దుబ్బు మీసం. మాస్క్ పెట్టగానే మీసం సందులోంచి ముక్కులోకి నీళ్లు. ఆవిడ మంగళసూత్రం తీయనంటుంది, దాన్ని వెట్‌సూట్ లోపలికి దోపి జిప్పు వేయాలి. జడలోంచి తప్పించుకున్న నాలుగు వెంట్రుకలు మాస్క్ అంచు కింద ఉండిపోతే అదీ కారుతుంది. పెద్దబ్బాయి ఒడ్డున నేర్పిన సైగలన్నీ చక్కగా చేసి చూపించి, నీళ్లలోకి దిగాక ఆనందంతో బొటనవేలు పైకెత్తాడు. మా భాషలో దానర్థం 'పైకి వెళ్దాం'. నేను అడిగినదానికి తల అడ్డంగా ఊపాడు. అది అవునా, కాదా? మన తెలుగువాళ్ల తల ఊపుడు నీటి కింద చదవడం ఏ మాన్యువల్‌లోనూ లేదు.

ఆ రోజు నేను ఒక్కొక్కరినే దించాను. నడుంలోతు నీళ్లలోనే ఒక్కో మనిషికి ఇరవై నిమిషాలు పట్టింది. మీసానికి వేసలీన్ రాసి మళ్లీ మాస్క్ పెట్టాను. యజమాని ఒడ్డు మీంచి గడియారం చూపిస్తున్నాడు. కొత్త ఇన్‌స్ట్రక్టర్‌ అయితే ఏం చేస్తాడు? నియమం ప్రకారం నలుగురు కదా అని యజమాని అంటే కాదనడానికి వాడి దగ్గర మాట లేదు. మీరు వాడికి నియమం నేర్పారు, యజమానికి 'ఇవాళ వద్దు సార్' అని చెప్పడం నేర్పలేదు. ఎందుకంటే కోర్సు నడిపే మీలో కొందరికి ఈత రాని మనిషిని కలక నీళ్లలో దించిన అనుభవం ఏళ్ల కిందటిది, ఇంకొందరికి అసలు లేదు. 150 కార్డులూ అద్దంలాంటి నీళ్లలో, ఈత వచ్చినవాళ్లకే ఇచ్చినా లెక్క 150యే.

2. ఆర్నెల్ల ఇన్‌స్ట్రక్టర్లు.

మా పక్క ఊరి కుర్రాడు ఒకడు పొలం మీద అప్పు తెచ్చి థాయ్‌లాండ్ వెళ్లాడు. అక్కడి కో టావ్ దీవిలో ఏమీ రానివాడు మొదలుపెట్టి ఇన్‌స్ట్రక్టర్‌గా బయటపడే ప్యాకేజీలు బాగా నడుస్తాయి. ఆర్నెల్లకు కార్డుతో తిరిగొచ్చాడు. అబద్ధం లేదు, వంద డైవ్‌లూ చేశాడు, పరీక్ష పాసయ్యాడు. తెలివైనవాడే. కాకపోతే వంద డైవ్‌లూ ఇంచుమించు అదే నాలుగైదు చోట్ల.

ఇక్కడ రెండో వారంలో ఇద్దరు అతిథులను తీసుకుని దిగాడు. ఒకాయన గేజ్‌లో గాలి ఎంతుందో చూడడానికి అటు తిరిగి, ఇటు తిరిగేసరికి రెండో మనిషి లేడు. నిమిషం వెతికి, కనబడకపోతే పైకి రావాలన్నది ఓపెన్ వాటర్ విద్యార్థికీ తెలిసిన పాఠం. వాడికీ తెలుసు. కానీ చేతిలో ఉన్న మనిషిని పైకి లాగితే ఆయన భయపడతాడేమో, వదిలేస్తే ఆయన కూడా తప్పిపోతాడేమో. ఆ రెంటి మధ్యా వాడు బిగుసుకుపోయాడు. తప్పిపోయిన ఆయన మూడు మీటర్ల దూరంలో, వాడి వెనకే, రాయి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బోటు మీదున్న మా సరంగు రెండు చోట్ల బుడగలు చూసి నన్ను దించాడు. అందరూ క్షేమం. కుర్రాడు మాత్రం ఆ సాయంత్రం ఫిన్లు విప్పి మళ్లీ వేసుకోలేదు. ఇప్పుడు వైజాగ్‌లో బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. అప్పు అలాగే ఉంది.

వాణ్ని తయారుచేసిన ట్రైనర్‌కు ఈ సంగతి తెలియదు, తెలిసే ఏర్పాటు కూడా ఎక్కడా లేదు. వాడు పాసైన రోజునే ఆయన లెక్క పూర్తయింది.

3. ఇంగ్లిష్ రాకపోతే సముద్రం రానట్టే.

హేవ్‌లాక్‌లో నాతోపాటు పనిచేసిన ఒక డైవ్‌మాస్టర్ ఉన్నాడు. బాయిల్ సూత్రం వాడు ఇలా చెప్తాడు: "పది మీటర్ల కిందికి బెలూన్ తీసుకెళ్తే సగమైపోద్ది. అక్కడ నిండా ఊది మూతి కట్టేసి పైకి వదిలితే రెట్టింపై పగిలిపోద్ది. నీ ఊపిరితిత్తీ అంతే, బిగబట్టి పైకి రాకు." విన్నవాడు జన్మలో మరచిపోడు. ఐడీసీలో వాణ్ని ఇంగ్లిష్ స్లైడ్ల ముందు నిలబెడితే చెమటలు పట్టి, రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాడు. 'ఇంకా సిద్ధంగా లేడు' అని రాశారు.

పరీక్ష ఏ భాషలో జరిగితే ఆ భాష రావాలి, అది ఒప్పుకుంటాను. ప్రమాణాల పుస్తకం చదివి అర్థం చేసుకోలేనివాడు ఇన్‌స్ట్రక్టర్ కాకూడదు కూడా. కానీ రేపు వాడు పాఠం చెప్పేది ఎవరికి? కోర్సు మొత్తంలో ఒక్క ప్రెజెంటేషనైనా వాడి విద్యార్థుల భాషలో చెప్పించి చూసిన ట్రైనర్ నాకు ఇంతవరకు తారసపడలేదు.

డైవ్‌కు ముందు అతిథులు నింపే ఆరోగ్య ప్రశ్నాపత్రం సంగతీ ఇదే. 2020లో దాన్ని మార్చి మొదటి పేజీలో 10 ప్రశ్నలకు కుదించారు, మంచి పనే. మా చేతికొచ్చేది మాత్రం ఇంగ్లిష్ కాగితమే. ఉబ్బసం ఉందా, గుండె ఆపరేషన్ అయిందా అని అడిగిన చోట అన్నిటికీ 'నో' అని ఒకే గీత గీసి సంతకం పెడతారు. ప్రశ్నలు ఒక్కొక్కటీ నోటితో చదివి వినిపించాలని నాకు నేర్పింది ట్రైనర్ కాదు. ఒక పెద్దాయన బోటు ఎక్కాక జేబులోంచి ఇన్‌హేలర్ తీసి పీల్చుకున్నాడు, ఆ రోజు నేర్చుకున్నాను.

4. ఫీజు ఎంతో చివరిదాకా తెలియదు.

ఐడీసీ ఫీజు ఇంత అని ఒక అంకె చెప్తారు. తర్వాత పుస్తకాలకు వేరే, పరీక్షకు వేరే, ప్రథమ చికిత్స ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకు వేరే, సంస్థ సభ్యత్వానికి వేరే, బీమాకు వేరే, వాటిమీద పన్ను. పరీక్షలో ఒక భాగం పోతే మళ్లీ రాయడానికి ఇంకొంత. సగం దూరం వచ్చాక వెనక్కి పోలేడు కదా. మా ఊళ్లో ఈ 'వేరే'లకు తల్లుల పుస్తెలతాళ్లు తాకట్టుకు వెళ్లాయి. దీని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

5. నా సొంత సంగతి.

స్టాఫ్ ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకు డబ్బు కట్టాను. ఆ తర్వాత రెండు ఐడీసీల్లో స్టాఫ్‌గా ఉండి, అభ్యర్థుల పాఠాలకు మార్కులు వేయడం, వాళ్ల తప్పులు విడమరచి చెప్పడం కోర్స్ డైరెక్టర్ పక్కన కూర్చుని నేర్చుకోవచ్చన్నారు. జీతం లేదు, తిండి మాత్రమే. ఒప్పుకున్నాను. మొదటి ఐడీసీలో పన్నెండు రోజులకు గాను తొమ్మిది రోజులు కంప్రెసర్ దగ్గర సిలిండర్లు నింపాను. రెండోదానిలో అభ్యర్థులకు కావాలని తప్పులు చేసి చూపించే 'విద్యార్థి' వేషం నాదే: మాస్క్‌లోకొచ్చిన నీళ్లు సరిగా క్లియర్ చేయని విద్యార్థి, గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లోంచి జారి దొరకని విద్యార్థి. ఆ వేషమూ పనికొచ్చేదే, కాదనను. కానీ వాళ్ల పాఠం మీద నా అభిప్రాయం ఏమిటని ఒక్క పూటా ఎవరూ అడగలేదు. చివరి రోజు కాగితం మీద సంతకం చేసి, రెండు ఐడీసీల అనుభవం ఉందని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని నేను రేపు కోర్స్ డైరెక్టర్ శిక్షణకు దరఖాస్తు చేసుకోవచ్చు. నాకే సిగ్గేసి చేయలేదు. నేను మెయిళ్లలో అడిగింది డబ్బు వాపసు కూడా కాదు, మూడో ఐడీసీలో నిజంగా కూర్చోనివ్వమని.

ఇప్పుడు మీముందు పెడుతున్న కోర్కెలు. సంస్థల రూల్ బుక్కులు మారేదాకా ఆగక్కర్లేదు, వీటిలో చాలావరకు మీ చేతిలోనే ఉన్నాయి.

మొదటిది, ఎవరినైనా స్టాఫ్‌గా తీసుకునే ముందు, ట్రైనర్ కమ్మని సిఫారసు చేసే ముందు, లాగ్‌బుక్‌లో కార్డుల సంఖ్య ఒక్కటే చూడకండి. ఈత రానివాళ్లకు ఎన్నాళ్లు నేర్పాడు, ఎలాంటి నీళ్లలో నేర్పాడు అని అడగండి. మీరు కూడా ఏడాదికి ఒక్క వారం మా ఒడ్డున డీఎస్‌డీలు చేయండి. బోటు, టీ మా ఖర్చు.

రెండోది, ప్రతి ఐడీసీలో ఒక పూట పూర్తిగా కాదనడానికి కేటాయించండి. యజమాని ఒత్తిడి పెడితే ఏమనాలి, అతిథి డబ్బు కట్టానని గొడవ చేస్తే ఏమనాలి, వేషం కట్టి సాధన చేయించండి. నీరు ఎంత మసకగా ఉంటే నలుగురు ఇద్దరవ్వాలో, ఇద్దరు ఒకరవ్వాలో వాళ్ల చేత లెక్క కట్టించండి.

మూడోది, ఒక క్లాసు ప్రెజెంటేషన్, ఒక నీటి ప్రెజెంటేషన్ అభ్యర్థి మాతృభాషలో చెప్పించండి. తెలుగు రాని ట్రైనరైతే పక్కన నాలాంటివాణ్ని కూర్చోబెట్టుకోండి, స్టాఫ్ అనే మాటకు అప్పుడు అర్థం ఉంటుంది. ఆరోగ్య ప్రశ్నాపత్రాన్ని తెలుగులో నోటితో ఎలా అడగాలో మేం రాసిస్తాం.

నాలుగోది, ఫీజు మొత్తం ఒకే కాగితం మీద, తప్పితే మళ్లీ ఎంతవుతుందో దానితో సహా, అడ్వాన్సు తీసుకోకముందే ఇవ్వండి. స్టాఫ్‌గా వచ్చినవాడికి ఎన్ని గంటలు బోధన, ఎన్ని గంటలు చాకిరీ అన్నదీ రాసివ్వండి.

ఐదోది నాకు అన్నిటికంటే ముఖ్యం. పాసైన ఇన్‌స్ట్రక్టర్‌ను మొదటి పదిమంది విద్యార్థుల దాకా వదిలేయకండి. పక్కనే ఉండమని అనడం లేదు. వారానికి ఒక ఫోను చాలు. 'ఏం జరిగింది, ఎక్కడ భయమేసింది' అని. ఆ ఫెయిలైన డైవ్ సాయంత్రం మా కుర్రాడికి అలాంటి ఫోను ఒక్కటి వచ్చి ఉంటే ఇవాళ వాడు నీళ్లలోనే ఉండేవాడని నా నమ్మకం.

పర్యాటక శాఖల అధికారులు కూడా ఇది చదివితే వారికి ఒక్క విన్నపం. 2018లో కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ విడుదల చేసిన సాహస పర్యాటక మార్గదర్శకాల్లో స్కూబాకూ చోటుంది. గోవాలో ఆ మంత్రిత్వ శాఖ కిందే జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. తూర్పు తీరపు డైవ్‌మాస్టర్లను ఇన్‌స్ట్రక్టర్లుగా, ఇన్‌స్ట్రక్టర్లను ట్రైనర్లుగా తయారుచేసే కోర్సుకు ఫీజు సాయం అలాంటి చోటు నుంచి వస్తే, అప్పు తెచ్చి దేశం దాటే అవసరం ఉండదు. నౌకాదళంలో డైవర్లుగా చేసి రిటైరైనవారు వైజాగ్‌లో ఎందరో ఉన్నారు. నీటి గురించి వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. అయితే గజ ఈతగాళ్లకు ఆజ్ఞలిచ్చిన అలవాటుతో ఖమ్మం ఆవిడకు మాస్క్ పెట్టించలేరు, వాళ్లకూ ఈ బోధన కోర్సు కావాలి.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా, 61 రోజులు ఉంటుంది. ఆ రోజుల్లో మా ఊళ్లో బోట్లన్నీ ఒడ్డునే, కుర్రాళ్లందరూ ఖాళీయే. డైవ్‌మాస్టర్ కార్డున్నవాళ్లు మా చుట్టుపక్కల నలుగురున్నారు, అందులో ఇద్దరికి వందకు పైగా డైవ్‌లున్నాయి. థియరీకి ఊళ్లో కమ్యూనిటీ హాలు మాట్లాడి ఉంచాను, ఈతకొలను కోసం అడుగుతున్నాను. పైన చెప్పిన పద్ధతిలో కోర్సు పెట్టడానికి మీలో ఎవరు ముందుకొచ్చినా, ఫిబ్రవరి నెలాఖరులోగా పూర్తి ఫీజు కాగితం పంపండి. కంప్రెసర్ దగ్గర ఎవరు నిలబడాలో మాత్రం ఈసారి ముందే మాట్లాడుకుందాం.

ఇట్లు,
భీమిలి తీరం నుంచి
ఒక స్కూబా ఇన్‌స్ట్రక్టర్